ల్యాబ్‌లో బాగా చేసే స్టూడెంట్ వార్డులో బెడ్ నంబర్‌తో ఎందుకు పిలుస్తుంది?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెప్తాను. మీ నర్సింగ్ కాలేజీలో సిమ్యులేషన్ ల్యాబ్ ఉంది, అంటే నిజమైన పేషెంట్ లేకుండా వార్డు పనిని సాధన చేసే గది. అక్కడ స్టూడెంట్స్ పేరు చెప్పి పరిచయం చేసుకుంటారు, అనుమతి అడుగుతారు, ఓదార్పుగా మాట్లాడతారు. చెక్‌లిస్టులో అన్ని గడుల్లోనూ టిక్ పడుతుంది. అదే పిల్లలు వార్డులో పోస్టింగ్ మొదలైన కొద్ది రోజులకే పేషెంట్‌ని బెడ్ నంబర్‌తో పిలుస్తున్నారు, ముఖం వైపు చూడకుండా బీపీ తీసుకుని వెళ్లిపోతున్నారు. పేషెంట్లుగా నటించేవాళ్లని పెట్టుకునే బడ్జెట్ లేదు, ఉన్నది ఒక మానికిన్ (మనిషంత బొమ్మ). వ్యక్తి కేంద్రిత సంరక్షణ, అంటే జబ్బునే కాక మనిషినీ చూసి చేసే సేవ, నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి, నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగారు.

చాలాకాలం ల్యాబ్‌లోనూ వార్డులోనూ పిల్లలకి నేర్పించినదాన్ని కాబట్టి కాస్త విపులంగానే రాస్తున్నాను. ల్యాబ్‌లో మీరు మార్కులు వేస్తున్నది మర్యాదకి. మర్యాద కావాల్సిందే. ఇంగ్లండ్‌లో కేట్ గ్రేంజర్ అనే డాక్టర్ క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, తన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పేరైనా చెప్పడం లేదని గమనించి, 2013లో 'హలో, నా పేరు...' అనే ప్రచారం మొదలుపెట్టారు. అంత చిన్న విషయం కోసం ఒక ఉద్యమమే నడపాల్సి వచ్చింది. కాకపోతే మర్యాదతోనే పని పూర్తయిపోదు. నేను స్టూడెంట్ పనిని చూసేటప్పుడు వేసుకునే ప్రశ్న ఒకటే. పేషెంట్ చెప్పిన మాట వల్ల నర్సు చేసే పనిలో ఏదైనా మారిందా? ఏమీ మారకపోతే ఎంత మెత్తగా మాట్లాడినా ఆ మాటలు పనికి అద్దిన పైపూత. వార్డులో హడావుడి మొదలవగానే ముందు ఊడిపోయేది అదే.

ఇక సినారియోల సంగతి, అంటే ల్యాబ్‌లో నడిపించే పేషెంట్ కథలు. చాలా ల్యాబుల్లో వాడే సినారియో ఇలా ఉంటుంది. గుండె వైఫల్యంతో ఆయాసం వచ్చి చేరిన పేషెంట్, ఆక్సిజన్ శాతం పడిపోతోంది. స్టూడెంట్ తల వైపు ఎత్తు పెంచాలి, ఆక్సిజన్ పెట్టాలి, డాక్టర్‌కి చెప్పాలి, మధ్యలో 'భయపడకండి, మేమున్నాం' అనాలి. ఇందులో మంచం మీద ఎవరున్నా ఒకటే. పేరు మార్చండి, వయసు మార్చండి, వృత్తి మార్చండి, నర్సు చేసే పని మాత్రం మారదు. అలాంటప్పుడు ఆ మనిషి గురించి తెలుసుకోవాల్సిన అవసరం స్టూడెంట్‌కి ఏముంటుంది? పిల్లలు తెలివైనవాళ్లు. మార్కులకి అక్కర్లేనిది వాళ్లు పట్టించుకోరు.

అదే జబ్బుతో ఇంకోటి రాసి చూడండి. యాభై దాటిన బస్సు డ్రైవర్. ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా పంపే ఫ్యూరోసెమైడ్ మాత్ర రోజూ పొద్దున వేసుకోమన్నారు. కాళ్ల వాపుతో, ఆయాసంతో రెండోసారి చేరాడు. కేస్ షీట్‌లో 'మందులు సరిగా వాడడం లేదు' అని రాసి ఉంది. ఆ మాత్ర వేసుకున్న గంటలోపే మూత్రం ఎక్కువగా రావడం మొదలవుతుంది, దాని ప్రభావం ఆరు గంటల దాకా ఉంటుంది. నడి దారిలో బస్సు ఆపి మాటిమాటికీ దిగడం కుదరదు కాబట్టి డ్యూటీ ఉన్న రోజుల్లో మాత్ర మానేస్తున్నాడు. ఈ సంగతి తనంతట తాను చెప్పడు. 'మాత్రలు ఎందుకు మానేశారు?' అని నిలదీస్తే 'మర్చిపోయానండీ' అంటాడు. 'పొద్దున మాత్ర వేసుకోడానికి ఇబ్బంది ఏమైనా ఉందా?' అంటే సగం చెప్తాడు. పక్కన కూర్చుని, డ్యూటీ ఉన్న రోజు ఎలా గడుస్తుందో అడిగితే మొత్తం చెప్తాడు.

ఇప్పుడు అంతా స్టూడెంట్ అడగడం మీదే ఆధారపడి ఉంది. అడిగిన స్టూడెంట్, ఈ మాత్రని డ్యూటీ అయ్యాక వేసుకోవచ్చా అని డాక్టర్‌తో మాట్లాడుతుంది. తనంతట తాను టైమ్ మార్చదు. ఉన్న పరిస్థితిని, కారణాన్ని, తన సూచనని వరసగా, క్లుప్తంగా చెప్తుంది. అడగని స్టూడెంట్ మందుల ప్రాముఖ్యత మీద చక్కటి ఉపన్యాసం ఇస్తుంది, ఆయన బుద్ధిగా తల ఊపుతాడు. అప్పుడు మీరు 'మూడు వారాల తర్వాత' అని రాసిన కార్డు చూపించి, ఆ పేషెంటే అదే ఆయాసంతో మళ్లీ చేరినట్టు సినారియో కొనసాగించండి. 'సానుభూతి చూపలేదు' అని మీరు మార్కు తగ్గిస్తే రాని ఆలోచన ఆ కార్డు చూడగానే వస్తుంది. మనిషిని తెలుసుకోవడం వైద్యానికి తగిలించిన అలంకారమనుకున్న పిల్లలకి, అది వైద్యంలో భాగమేనని అక్కడ తెలుస్తుంది.

ప్రతి సినారియోలోనూ ఇలాంటి ముడి ఒకటి ఉండాలి. చెవి సరిగా వినపడకపోయినా ఆ సంగతి దాస్తూ అన్నిటికీ 'సరే' అనే పేషెంట్. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడానికి వెనకాడుతున్న మనిషి, అసలు కారణం ఇంట్లో తనమీద ఆధారపడిన ఇంకో జబ్బుమనిషి ఉండడం. పేషెంట్‌ని ఏం అడిగినా పక్కనున్న కొడుకే జవాబు చెప్పేయడం. ఈ చివరిదాన్ని తక్కువ అంచనా వేయకండి. కొడుకుని నొప్పించకుండా తల్లి మాట రాబట్టడం చాలామంది సీనియర్ నర్సులకే చేతకాదు.

ఒకటి రెండు సినారియోల్లో పేషెంట్ కోరికకీ భద్రతకీ మధ్య గొడవ ఉండేలా చూడండి. లేకపోతే 'పేషెంట్ ఏమంటే అది చేయడమే' అని పిల్లలు అనుకుంటారు. పడిపోయే ప్రమాదం ఉన్న పెద్దావిడ బెడ్‌పాన్ వద్దంటుంది, ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్తానంటుంది. కొందరు స్టూడెంట్స్ రూలు చెప్తారు, కొందరు జాలిపడి వదిలేస్తారు. 'నడిపించుకుని వెళ్తాను, తలుపు బయట నిలబడతాను, మీరు లోపల గడియ మాత్రం పెట్టకండి, పిలిస్తే వస్తాను' అని బేరం కుదిర్చే స్టూడెంట్ కోసం నేను ఎదురుచూస్తాను. ఆవిడకి కావాల్సింది చాటు. ఒంటరిగా వెళ్లడం ఆ చాటు కోసమే. ఈ రెండిటినీ విడదీసి చూడగలగడం నేర్పితే వచ్చేదే.

నటులు లేరని దిగులు పడకండి. ఆస్పత్రి బొమ్మల చరిత్ర పాతదే. అమెరికాలో మార్తా చేజ్ అనే బొమ్మల తయారీదారు హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సింగ్ స్కూలు కోసం 1911లో మనిషంత బొమ్మ చేసిచ్చారు, దాన్ని 'మిసెస్ చేజ్' అని పిలిచేవాళ్లు. మంచం మీద పేషెంట్‌ని తిప్పడం, బట్టలు మార్చడం లాంటివి నేర్చుకోడానికి బొమ్మ చాలు. 1963లో న్యూరాలజిస్ట్ హోవర్డ్ బారోస్ మామూలు మనుషులకి పేషెంట్ పాత్ర నేర్పించి వైద్య విద్యార్థుల ముందు కూర్చోబెట్టారు. బొమ్మ ఊపిరి పీల్చినా, గుండె కొట్టుకున్నా, దాని మొహం మాడదు కదా. ఈ పాఠానికి మాడే మొహం కావాలి. టీచర్లు చేయొచ్చు, రిటైరైన స్టాఫ్ నర్సులు చేయొచ్చు, సీనియర్ స్టూడెంట్స్ చేయొచ్చు. సూది, కాథెటర్ లాంటివి ఉంటే ఆ భాగం వరకు మానికిన్‌నో, ప్లాస్టిక్ చేతినో పక్కన పెట్టి, మాట మాత్రం మనిషితో నడిపించండి.

తోటి స్టూడెంట్‌కి పేషెంట్ పాత్ర ఇస్తే ఒక చిక్కు ఉంది. స్నేహితురాలు ఇబ్బంది పడుతుంటే జాలిపడి జవాబు అందించేస్తారు. అందుకే పాత్ర కార్డు గట్టిగా రాయాలి. మొదట అనే మాట, అడిగితేనే చెప్పేది, అడిగినా చెప్పనిది, ఇవి విడివిడిగా ఉండాలి. దానికన్నా ముఖ్యం, నర్సు ప్రవర్తనని బట్టి పేషెంట్ ఎలా మారాలో రాయడం. కాళ్ల వైపు నిలబడి కాగితం చూస్తూ అడిగితే ఒక్క ముక్కలో జవాబు. మధ్యలో అడ్డుపడితే మాట ఆపేసి మళ్లీ ఎత్తకూడదు. కూర్చుని కళ్లలోకి చూస్తే ఇంకో వాక్యం ఎక్కువ. వీలైతే సినారియో రాసేటప్పుడే నిజంగా ఆ జబ్బుతో ఆస్పత్రిలో గడిపినవాళ్లని పిలిచి వినిపించండి. 'మేం అలా అనం' అని వాళ్లు కొట్టేసే వాక్యాలు చూస్తే మనకే ఆశ్చర్యం వేస్తుంది.

కూర్చోవడం గురించి ఒక మాట. కాన్సాస్ యూనివర్సిటీ ఆస్పత్రిలో వెన్ను ఆపరేషన్ అయిన పేషెంట్ల మీద చేసిన పరిశీలన ఒకటి 2012లో వచ్చింది. డాక్టర్ కూర్చుని మాట్లాడింది నిమిషం పైచిలుకే, కానీ పేషెంట్లకి అది ఐదు నిమిషాల్లా అనిపించింది. నిలబడి మాట్లాడినప్పుడు నిజానికి కాస్త ఎక్కువ సేపే ఉన్నా, వాళ్లకి ఆ ఐదు నిమిషాలకన్నా తక్కువగా తోచింది. ఇంకో పాత పరిశోధన, 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ చేసింది. పేషెంట్ తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్లు సగటున 18 సెకన్లకే అడ్డుపడ్డారు. రెండూ డాక్టర్ల మీద చేసినవే, అయినా క్లాసులో బాగా పనికొస్తాయి. స్టాప్‌వాచ్ చేతికిచ్చి, పేషెంట్ తనంతట తాను ఆగేదాకా నోరు మెదపకూడదని చెప్పండి. మొదటిసారి చాలామంది ఉండలేరు.

కళ్లకు గంతలు కట్టుకోవడం, చక్రాల కుర్చీలో ఒక పూట గడపడం లాంటి అభ్యాసాల మీద నాకు కొంత అనుమానం ఉంది. అమెరికాలో నారియో-రెడ్మండ్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో, అలా చేసినవాళ్లకి వైకల్యం ఉన్నవాళ్ల మీద ఆదరణ పెరిగినా, తమకూ అలా అవుతుందేమోనన్న భయం, నిస్సహాయత కూడా పెరిగాయి. అరగంట గంతలు కట్టుకుంటే తెలిసేది చూపు పోయిన తొలి క్షణం తడబాటే. ఏళ్ల తరబడి అలాగే బతుకుతున్న మనిషి నేర్పు అందులో కనపడదు. ఒకరు ఇంకొకరికి అన్నం తినిపించడం, మంచం మీద తిప్పడం లాంటివి మాత్రం చేయించండి. స్పూన్ ఎంత తొందరగా వచ్చింది, చెప్పకుండా దుప్పటి లాగితే ఎలా అనిపించింది, ఇవి నర్సు చేతులకి సంబంధించిన సంగతులు, వెంటనే మార్చుకోవచ్చు.

డీబ్రీఫింగ్‌కి, అంటే సినారియో అయ్యాక జరిగినదాన్ని కూర్చుని మాట్లాడుకోవడానికి, సినారియోకి పట్టినదానికంటే ఎక్కువ టైమ్ పెట్టండి. పదిహేను నిమిషాల సినారియో అయితే అరగంట కనీసం. ఇది పరీక్ష కాదనీ, ఇక్కడ జరిగింది బయట మాట్లాడుకోకూడదనీ మొదలుపెట్టే ముందే చెప్పాలి. ఆ భరోసా లేకపోతే టెన్షన్‌లో పిల్లలు మనకి కావాల్సిన జవాబు చెప్పేస్తారు. 'ఇంకా బాగా కమ్యూనికేట్ చేయాల్సింది' లాంటి వ్యాఖ్యల వల్ల ఒరిగేది లేదు. జెన్నీ రుడాల్ఫ్, ఆమె సహచరులు 2006లో వివరించిన పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. చూసింది చెప్పడం, దాని గురించి మన అభిప్రాయం దాచకుండా చెప్పడం, ఆ తర్వాత నిజంగా తెలుసుకోవాలని అడగడం. 'ఆయన డ్యూటీలో ఉంటే కుదరదమ్మా అన్నాడు. నువ్వు వెంటనే బీపీ కఫ్ చుట్టావు. అక్కడ ముఖ్యమైన మాట జారిపోయిందని నాకు అనిపించింది. ఆ క్షణంలో నీ బుర్రలో ఏం నడుస్తోంది?'

దీనికి ఎక్కువసార్లు వచ్చే జవాబు, 'కఫ్ సైజు సరిపోతుందా అని చూస్తున్నాను మేడమ్'. అంటే మాట వినపడలేదు. చేతిపని ఇంకా అలవాటు కాని స్టూడెంట్‌కి చెవులు ఖాళీగా ఉండవు. దాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. కాబట్టి చేతిపనిని విడిగా, ఆలోచించకుండా చేయగలిగేదాకా ప్రాక్టీస్ చేయించి, ఆ తర్వాతే మాటతో కలపాలి. రెండూ ఒకేసారి మొదలుపెట్టిస్తే చేతిపని గెలుస్తుంది, మాట ఓడిపోతుంది. డీబ్రీఫింగ్‌లో పేషెంట్ పాత్ర వేసినవాళ్లని కూడా పాత్రలోంచి బయటికి వచ్చి ఒక్క విషయం చెప్పమనండి, 'నేను ఫలానా చోట చెప్పాలనుకుని ఆగిపోయాను' అని. ఆ తర్వాత వెంటనే అదే సినారియో మళ్లీ చేయనివ్వండి. రెండో అవకాశం లేని డీబ్రీఫింగ్ పిల్లలకి తిట్లలాగే మిగులుతుంది.

ఇక వార్డు. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, క్లినికల్ గంటల్లో సగం దాకా నాణ్యమైన సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా జ్ఞానంలో, నైపుణ్యంలో, లైసెన్స్ పరీక్షలో తేడా కనపడలేదు. దాన్ని చూపించి వార్డు తగ్గించుకుంటే ఏమవుతుంది అని కొందరు టీచర్లు అంటారు. మనం మాట్లాడుతున్న విషయంలో నేను ఒప్పుకోను. ల్యాబ్‌లో ఒక్కరే పేషెంట్, టైమ్ మన చేతిలో ఉంటుంది, పక్కన 'ఇంకా అవలేదా?' అనే గొంతు ఉండదు. మీ పిల్లలు జారిపోతున్నది సరిగ్గా ఆ గొంతు దగ్గరే. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో హోజత్ బృందం 2009లో చూసింది కూడా ఇలాంటిదే. వైద్య విద్యార్థుల సహానుభూతి స్కోరు పడిపోయింది మూడో ఏడాదిలో, అంటే పేషెంట్ల మధ్యకి వెళ్లాకే.

పోస్టింగ్ మొదలయ్యే ముందు వార్డ్ ఇన్‌చార్జ్‌తో కూర్చుని మాట్లాడండి. చాలా కాలేజీలు ఈ పని లేఖతో సరిపెడతాయి. స్టూడెంట్‌ని అదనపు చేతుల జతలా వాడుకోవడం వార్డుకి అలవాటు. మొదటి వారం స్టూడెంట్‌కి ఒక్క పేషెంట్‌నే ఇవ్వమని, మొదటి అరగంట పనులేవీ చెప్పొద్దని అడగండి. ఆ అరగంటలో స్టూడెంట్ కేస్ షీట్ తెరవదు. పేషెంట్ ఒప్పుకుంటే పక్కన కూర్చుంటుంది. మూడు సంగతులు తెలుసుకుని వస్తుంది: ఇప్పుడు ఆ మనిషిని అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతున్నది ఏమిటి, కోలుకున్నాక ఏం చేయగలగాలని కోరుకుంటున్నారు, ఈ వార్డులో కష్టంగా ఉన్నది ఏమిటి. ఎలా పిలవమంటారో కూడా అడగాలి. వరస కలిపి పిలవడం కొందరికి ఇష్టం, కొందరికి చిరాకు. కేస్ షీట్ చదవడం ఆ తర్వాత. ఈ వరస తిరగబడితే, అంటే ముందు షీట్ చదివితే, స్టూడెంట్ షీట్‌లో ఉన్నవే అడుగుతుంది.

మూడో ప్రశ్నకి వచ్చే జవాబులు చిన్నవే, కానీ మార్చగలిగేవి. రాత్రి లైట్ కళ్లలో పడుతోంది. కాలింగ్ బెల్ బలహీనమైన చేతి వైపు ఉంది. డ్రెస్సింగ్ ఎప్పుడు చేస్తారో తెలియక పొద్దుటి నుంచి కాచుకుని ఉంటున్నాను. స్టూడెంట్ వీటిలో ఒక్కటి ఎంచుకుని, స్టాఫ్ నర్సుతో మాట్లాడి, ఆ షిఫ్ట్ అయ్యేలోపు మార్చాలి. హ్యాండోవర్‌లో, అంటే తర్వాతి షిఫ్ట్‌కి పేషెంట్‌ని అప్పజెప్పేటప్పుడు, దాన్ని ఒక వాక్యంగా చెప్పాలి. 'డ్రెస్సింగ్‌కి అరగంట ముందు నొప్పి మాత్ర ఇస్తే ఈవిడ తట్టుకుంటుంది, టైమ్ ముందే చెప్పమంటోంది' అన్న వాక్యం తర్వాతి షిఫ్ట్ నర్సుకి నిజంగా పనికొస్తుంది. పనికొచ్చే సమాచారం తెచ్చే స్టూడెంట్‌ని వార్డు గౌరవిస్తుంది. బెడ్ నంబర్ పిలుపులు తగ్గడం అక్కడి నుంచే మొదలవుతుంది. నంబర్‌తో పిలవొద్దని గోడ మీద నోటీసు అంటిస్తే తగ్గవు.

పేషెంట్ అలసిపోయి ఉంటే, మాట్లాడటం ఇష్టం లేకపోతే వదిలేయాలి. తన జీవితకథ స్టూడెంట్ అసైన్‌మెంట్ కోసం చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. చెప్పిన ప్రతిదీ హ్యాండోవర్‌లో చెప్పాల్సిన పని కూడా లేదు. ఏది సంరక్షణకి అవసరం, ఏది నమ్మి చెప్పిన రహస్యం అన్నది డీబ్రీఫింగ్‌లో విడిగా మాట్లాడండి. తనకో ఇతరులకో హాని కలిగే విషయమైతే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదన్నదీ అక్కడే చెప్పాలి.

మాట్లాడలేని పేషెంట్ల సంగతి కొందరు టీచర్లు పక్కన పెట్టేస్తారు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లతో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడితే వాళ్లు సంరక్షణని ఎక్కువగా ప్రతిఘటిస్తారని క్రిస్టీన్ విలియమ్స్ బృందం 2009లో వీడియోలు విశ్లేషించి చూపించింది. స్నానం చేయించేటప్పుడు చేయి విదిలించుకుంటే దాన్ని 'మొండితనం' అని రాయకుండా, అంతకు ముందు నర్సు ఏమంది, ఏం చేసింది అని వెనక్కి వెళ్లి చూడటం స్టూడెంట్స్‌కి నేర్పండి. స్పృహలో లేనివాళ్ల విషయంలో కుటుంబాన్ని అడగాలి, ముట్టుకునే ముందు చెప్పి ముట్టుకోవాలి.

'ఇంత టైమ్ మాకెక్కడుంది?' అని స్టాఫ్ నర్సులు అంటారు. అది సాకని పిల్లల ముందు ఎప్పుడూ అనకండి. మెకార్మాక్, మెకాన్స్ 2006లో ప్రచురించిన వ్యక్తి కేంద్రిత నర్సింగ్ నమూనాలో నర్సుకి ఉండాల్సిన లక్షణాలు ఒక భాగమైతే, పనిచేసే వాతావరణం ఇంకో భాగం. సిబ్బంది కూర్పు, అధికారం ఎవరి చేతిలో ఉందన్నది అందులోకే వస్తాయి. ముప్ఫై మంది పేషెంట్లకి ఒక్క నర్సు ఉన్న చోట లోపాన్ని ఆ నర్సు మనసులో వెతకడం తప్పు. స్టూడెంట్‌కి మాత్రం డ్రెస్సింగ్ మారుస్తూ, స్పాంజ్ బాత్ ఇస్తూ అడగొచ్చని చూపించండి. మాటలతో చెప్పడం చాలదు, మీరే మంచం పక్కన చేసి చూపించాలి. టీచర్ బెడ్ దగ్గరికి వచ్చి పేషెంట్‌ని పలకరించకుండా స్టూడెంట్‌ని ప్రశ్నలు అడిగితే ల్యాబ్‌లో నేర్పినదంతా ఆ ఒక్క నిమిషంలో కొట్టుకుపోతుంది.

అంచనా వేయడం గురించి అడిగారు. చెక్‌లిస్టులో 'సానుభూతి వ్యక్తం చేసింది' అన్న గడి తీసేసి, 'పేషెంట్ చెప్పిన ఒక విషయాన్ని ప్లాన్‌లో చేర్చింది, ఏది?' అని ఖాళీ గీత పెట్టండి. టిక్ పెట్టడం కుదరదు, రాయాల్సిందే. వార్డులో నేను వాడేది ఇంకా సులువు. షిఫ్ట్ చివర స్టూడెంట్‌ని 'ఈ రోజు మీ పేషెంట్‌కి అన్నిటికన్నా ముఖ్యం ఏమిటి?' అని అడుగుతాను. తర్వాత, ఆమె లేనప్పుడు, అనుమతి తీసుకుని పేషెంట్‌ని అదే అడుగుతాను. రెండు జవాబులూ పక్కపక్కన రాస్తాను. మొదటి రోజుల్లో స్టూడెంట్ 'షుగర్ కంట్రోల్' అంటుంది, పేషెంట్ 'ఇంటికి ఎప్పుడు పంపుతారో చెప్పడం' అంటాడు. దీనికి మార్కులు వేయను, వేస్తే ముందే పేషెంట్‌కి జవాబు నేర్పించి వస్తారు. పోస్టింగ్ గడిచేకొద్దీ ఆ రెండు జవాబులూ దగ్గరవుతున్నాయా లేదా చూస్తాను. దగ్గరవకపోతే ఆ స్టూడెంట్‌కి కేటాయించిన పేషెంట్ల సంఖ్య ముందు తగ్గిస్తాను, తర్వాత ఒక షిఫ్ట్ ఆమెతో పాటు నడుస్తాను. చాలాసార్లు చేతిపనిలో ఏదో ఒకటి ఇంకా భయపెడుతూ ఉంటుంది. అది బయటపడితే ల్యాబ్‌కి తీసుకెళ్లి ఆ ఒక్కదాన్నే మళ్లీ ప్రాక్టీస్ చేయిస్తాను.